గంటలు పెంచకండి, పుస్తకం మూయించండి: పదో తరగతి చదువుతున్న చెల్లెలి గురించి అడిగిన అన్నకు సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇదీ. మీ ఊరు కోసిగి దగ్గరి పల్లె, మీరు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. మీ చెల్లెలు ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి చదువుతోంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రాత్రి పదకొండు దాకా పుస్తకం వదలదు. అయినా అర్ధ సంవత్సర పరీక్షలో గణితంలో 41 వచ్చాయి, సైన్సులోనూ అంతంతమాత్రమే. పేపరు చేతికి రాగానే చదివినదంతా తుడిచిపెట్టుకుపోతోందని అంటోంది. సంక్రాంతి దాటగానే మీ అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, వెళ్తారు, అమ్మాయి అవ్వ దగ్గర ఉంటుంది. ఆమెను ఆదోనిలో ట్యూషన్‌లో చేర్చాలా, మీ దగ్గరికి తెచ్చుకోవాలా, లేక ఇంకా ఎక్కువసేపు చదివించాలా అన్నది మీరు అడిగినది.

నా సమాధానం ముందే చెబుతాను. మూడింటిలో ఏదీ వద్దు. ఆమె చదివే గంటలను తగ్గించి, నిద్రను పెంచి, మిగిలిన సమయంలో సగాన్ని పుస్తకం మూసి కాగితం మీద రాయడానికి కేటాయించండి. ఊరు మార్చకండి, బడి మార్చకండి. మార్చి పరీక్షలకు ఇంకా దాదాపు మూడు నెలలు ఉన్నాయి కాబట్టి, 41 దగ్గర ఉన్న పిల్ల మంచి మార్కులకు చేరడానికి ఈ వ్యవధి సరిపోతుంది. నేను రెండు దశాబ్దాలకు పైగా కర్నూలు, అనంతపురం జిల్లాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పాను, స్పాట్ వాల్యుయేషన్‌లో జవాబు పత్రాలు దిద్దాను. కింద రాస్తున్నవి ఆ అనుభవంలోనుంచి వచ్చినవే.

మొదట, అంతగా చదివే పిల్లకు పరీక్షలో ఎందుకు గుర్తు రావడం లేదో చూద్దాం. మన ఇళ్లలో చదువు అంటే గొంతెత్తి చదవడం. ఒక పేరాను పదిసార్లు చదివితే పదకొండోసారి అది నోటికి సులువుగా వస్తుంది, కళ్లకు పరిచయంగా కనిపిస్తుంది, ఆ పరిచయాన్నే పిల్లలు ‘వచ్చేసింది’ అనుకుంటారు. అయితే పరీక్షలో పేరా కళ్ల ముందు ఉండదు. అక్కడ ప్రశ్న ఒక్కటే ఉంటుంది, జవాబును తలలోనుంచి బయటికి లాగాలి. ఇంట్లో ఏనాడూ చేయని పనిని మొదటిసారిగా పరీక్ష హాలులో చేస్తున్నప్పుడు చెయ్యి ఆగిపోవడంలో వింత లేదు. మీ చెల్లెలికి జ్ఞాపకశక్తి తక్కువని ఎవరైనా అంటే నమ్మకండి.

దీనికి శాస్త్రపరమైన ఆధారం కూడా ఉంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు కొన్ని పాఠ్యభాగాలు ఇచ్చి, కొందరి చేత మళ్లీ చదివించారు, కొందరి చేత చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారే ముందున్నారు. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెట్టిన పరీక్షల్లో మాత్రం చూడకుండా రాసినవారు స్పష్టంగా ముందున్నారు. రాత్రి పడుకునే ముందు మీ చెల్లెలు ‘అంతా వచ్చు’ అనడం, పరీక్ష నాడు ‘ఏమీ రాలేదు’ అనడం రెండూ నిజమే కావడానికి కారణం ఇదే. 2013లో డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది రకాల చదువు పద్ధతులను పరిశీలించినప్పుడు, తనను తాను పరీక్షించుకోవడం, వ్యవధులిచ్చి చదవడం అన్న రెండింటికే అత్యధిక ప్రయోజనం ఉందని తేల్చారు. మళ్లీ మళ్లీ చదవడం, రంగు పెన్నులతో గీతలు గీయడం అడుగు వరుసలో నిలిచాయి. మన పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి ఆ రెండే.

ఒక ఉదాహరణ చెబుతాను. జీవశాస్త్రంలో మానవ హృదయం బొమ్మను చూసి ఎంతో అందంగా గీసే పిల్లవాడు ఒకడు మా బడిలో ఉండేవాడు. ఒకసారి పుస్తకం తీసేసుకుని గీయమన్నాను. నాలుగు గదులూ వచ్చాయి, కుడి ఎడమలు సరిగానే రాశాడు, పుపుస సిరల దగ్గర పెన్సిలు ఆగిపోయింది. సిర అంటే చెడు రక్తం మోసేదని తలలో పడి ఉండడం వల్ల దాన్ని తీసుకుపోయి కుడి కర్ణికకు కలిపాడు. ఊపిరితిత్తులనుంచి మంచి రక్తం ఎడమ కర్ణికకు వస్తుందన్న విషయం అతడు అప్పటికే ఎన్నోసార్లు చదివి ఉన్నాడు. బొమ్మను చూస్తూ గీసినంత కాలం ఆ తప్పు బయటపడే అవకాశమే లేదు. పుస్తకం మూసిన పది నిమిషాల్లో అది పట్టుబడింది, సరిదిద్దుకున్నాక మళ్లీ జరగలేదు.

గణితంలో ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. గైడులో సాధించిన లెక్కను కళ్లతో చదువుకుంటూ పోయే పిల్లలు చాలామంది ఉన్నారు. సోపాన విచలన పద్ధతిలో అంకమధ్యమం కనుక్కునే లెక్కే తీసుకోండి. పట్టిక, మధ్య విలువలు, విచలనాలు, లబ్ధాల మొత్తం అన్నీ సరిగా చేసి, చివర తరగతి పొడవుతో గుణించడం మరచిపోయిన జవాబు పత్రాలు వాల్యుయేషన్‌లో ఎన్నో చూశాను. చదివేటప్పుడు కన్ను ఆ గుణకారం మీదుగా సాఫీగా జారిపోతుంది. చేత్తో చేసి, జవాబు తప్పు వచ్చి, ఎక్కడ పోయిందో తానే వెతుక్కున్న పిల్ల మాత్రం దాన్ని మరచిపోదు. కాబట్టి గణితాన్ని చదవనివ్వకండి, చేయించండి. సాధించిన లెక్కను ఒకసారి చూడవచ్చు, ఆ వెంటనే పుస్తకం మూసి అదే లెక్కను మొదటినుంచి చేయాలి, మరునాడు అంకెలు మార్చి మళ్లీ చేయాలి.

ఇక రోజు ఎలా గడవాలన్న సంగతి. పదకొండుకు పడుకుని నాలుగింటికి లేస్తే నిద్ర ఐదు గంటలే. ఈ వయసు పిల్లలకు ఎనిమిదినుంచి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు, పగలు నేర్చుకున్నది తలలో స్థిరపడే పనిలో పెద్ద భాగం నిద్రలోనే జరుగుతుంది. పల్లెలో ఇంటి పనులు, నీళ్ల పనులు ఉంటాయని నాకు తెలుసు కనుక, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని ఐదున్నరకు లేవడం సాధ్యమైన ఏర్పాటు. పదో తరగతికి బడిలో ఎలాగూ ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు నడుస్తాయి. వాటికి అదనంగా ఇంట్లో సాయంత్రం రెండు గంటలు, ఉదయం ఒక గంట చాలు. ఈ మాట అన్నప్పుడు తల్లిదండ్రులు నావైపు అనుమానంగా చూస్తారు. మా కాలంలో లాంతరు పెట్టుకుని తెల్లవార్లూ చదివామని చెప్పే పెద్దలు ప్రతి ఊళ్లో ఉంటారు, అలా చదివి తప్పినవారి సంగతి మాత్రం వాళ్లు చెప్పరు.

ఆ మూడు గంటల్లో చేయవలసినది ఇది. సాయంత్రం ఆ రోజు బడిలో చెప్పిన పాఠాన్ని ఒక్కసారి నిదానంగా చదివి, పుస్తకం మూసి, ఒక రఫ్ నోటుబుక్కులో గుర్తున్నదంతా రాయాలి. అందంగా ఉండనక్కరలేదు, వాక్యాలు పూర్తి కానక్కరలేదు. తర్వాత పుస్తకం తెరిచి, విడిచిపెట్టినవీ తప్పు రాసినవీ ఎర్ర పెన్నుతో పక్కన రాసుకోవాలి. రేపటి చదువు ఆ ఎర్ర అక్షరాలనుంచే మొదలవుతుంది. మొదటి వారం ఈ పని చాలా కష్టంగా, అవమానంగా కూడా అనిపిస్తుంది. ‘నాకేమీ రావడం లేదన్నా’ అని మీకు ఫోనులో ఏడ్చినా ఏడుస్తుంది. ఆ దశలోనే చాలామంది వెనక్కి తిరిగి మళ్లీ బట్టీకి వెళ్లిపోతారు కనుక, అది మామూలేనని ముందుగానే ఆమెకు చెప్పి ఉంచండి.

ఒక పాఠాన్ని ఒక్క రోజే ముగించకూడదు. మీరు సేద్యం చేసే ఇంటివారు కాబట్టి వేరుశనగకు పెట్టే తడులను తలచుకుంటే చాలు. నెలకు సరిపడే నీళ్లను ఒక్కసారే పారిస్తే పైరు నిలబడదు, వ్యవధి చూసి పెట్టిన తడే వేరుకు అందుతుంది. ఈ రోజు రాసిన పాఠాన్ని రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి, మూడు వారాల తర్వాత మరొకసారి చూడకుండా రాయాలి. ఒక్కోసారి పది పదిహేను నిమిషాలకు మించి పట్టదు. మధ్యలో కొంత మరచిపోవడం నష్టం కాదు, మరచిపోబోతున్నదాన్ని శ్రమపడి గుర్తు చేసుకున్నప్పుడే అది గట్టిపడుతుంది. ఉదయం గంటను పూర్తిగా ఈ పాత పాఠాలకే కేటాయించమనండి.

మీరు ప్రస్తావించని విషయం ఒకటి ఉంది, నా దృష్టిలో అది ముఖ్యమైనది. ఇంగ్లీషు మీడియంలో చదివే మన ప్రాంతపు పిల్లల్లో చాలామంది సైన్సు, సాంఘిక శాస్త్రం జవాబులను అర్థం తెలియకుండా అక్షరాల వరుసగా కంఠస్థం చేస్తారు. వాక్యంలో ఒక మాట జారితే మిగతాదంతా జారిపోతుంది, పేపరు చూడగానే తుడిచిపెట్టుకుపోవడమంటే తరచుగా ఇదే. అదృష్టవశాత్తు ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీలో ఇంగ్లీషు ఉంటే ఎదురు పేజీలో తెలుగు ఉంటుంది. మొదట తెలుగు పేజీ చదివి, ఆ విషయాన్ని అవ్వకు కథలాగా చెప్పమనండి. అన్నం నోట్లో పెట్టుకున్న దగ్గరనుంచి చిన్నప్రేగుదాకా ఏం జరుగుతుందో అవ్వకు అర్థమయ్యేలా చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. ‘అది లోపలికి పోయినాక పులిసిపోదా?’ అని అవ్వ అడిగే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటే జఠరరసంలోని ఆమ్లం పని కూడా బోధపడుతుంది. ఆ తర్వాత అదే విషయాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలలో తన సొంతంగా రాయాలి. వ్యాకరణంలో చిన్న తప్పులున్నా, విషయం సరిగా ఉన్న జవాబుకు సైన్సులో మార్కులు పడతాయి.

గణితం పేపరు నిర్మాణాన్ని ఆమెకు ఒకసారి లెక్క కట్టి చూపించండి, భయం చాలావరకు అక్కడే తగ్గుతుంది. ఇటీవలి సంవత్సరాల నమూనాలో 33 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. చివరి ఐదింటిలోనే ‘ఇది లేదా అది’ అన్న ఎంపిక ఉంటుంది. చిన్న ప్రశ్నలకే 28 మార్కులు పోగవుతాయి, అవి అన్ని అధ్యాయాలనుంచీ వస్తాయి కాబట్టి ఏ అధ్యాయాన్నీ పూర్తిగా వదలకూడదు. పెద్ద ప్రశ్నలకు మాత్రం ఆమెకు పట్టున్న అధ్యాయాలను ఎంచుకుని గట్టి చేసుకోవచ్చు. సాంఖ్యకశాస్త్రం, సరళ సమీకరణాల జతను గ్రాఫుతో సాధించడం, శ్రేఢులు అన్నవి శ్రమకు తగిన ఫలితం ఇచ్చేవని నా అభిప్రాయం. త్రికోణమితి సర్వసమీకరణాల దగ్గర రోజుల తరబడి కూర్చుని మనసు పాడుచేసుకోవలసిన అవసరం లేదు.

దిద్దే వైపునుంచి రెండు మాటలు. గణితంలో మార్కులు అంచెలంచెలుగా పడతాయి. సూత్రానికి, ప్రతిక్షేపణకు, సాధనకు, జవాబుకు విడివిడిగా విలువ ఉంటుంది. చివరి జవాబు తేలలేదని ఉన్నదంతా కొట్టేసే పిల్లలు చేతిలో ఉన్న మార్కులను పారేసుకుంటున్నారు. కొట్టివేయకుండా వదిలేస్తే దిద్దేవారు ఎంతో కొంత వేయగలరు. ప్రశ్న సంఖ్యను తప్పు వేయడం, ఒకే ప్రశ్నకు జవాబును రెండు చోట్ల ముక్కలుగా రాయడం కూడా నష్టం చేస్తాయి.

పరీక్ష హాలులో మనసు ఖాళీ అయిపోవడం గురించి అడిగారు. పైన చెప్పినట్టు సాధన చేస్తే అది సగానికి పైగా తగ్గుతుంది, మిగిలినదానికి రిహార్సల్ కావాలి. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, గడియారం చూసుకుంటూ, లేవకుండా, నీళ్లకు తప్ప దేనికీ ఆగకుండా పూర్తి పేపరు రాయాలి. అసలు పరీక్షకు మూడు గంటల పదిహేను నిమిషాలు, అందులో మొదటి పదిహేను నిమిషాలు పేపరు చదువుకోవడానికి. ఆ సమయంలో తనకు ఖాయంగా వచ్చిన ప్రశ్నలకు మనసులో గుర్తు పెట్టుకుని వాటితోనే మొదలుపెట్టాలి. రెండు మూడు జవాబులు పడ్డాక చేతి వణుకు దానంతట అదే తగ్గుతుంది. మరొక చిన్న ఉపాయం ఉంది. 2011లో రామిరెజ్, బైలాక్ అనే పరిశోధకులు, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న ఆందోళనపరులైన విద్యార్థులు మెరుగ్గా రాశారని చూపించారు. ఖర్చు లేని పని, ప్రీఫైనల్ రోజున చేయించి చూడండి. మా పిల్లల్లో కొందరికి పనిచేసింది, కొందరు ఏం రాయాలో తోచక సినిమా పేర్లు రాసి ఇచ్చారు.

ఇప్పుడు మినహాయింపులు. భిన్నాల కూడిక, రుణసంఖ్యల గుణకారం, భాగహారం వద్ద తడబడే పిల్లకు పై పద్ధతి నేరుగా పనిచేయదు, తలలో లేనిదాన్ని ఎంత లాగినా బయటికి రాదు. ఒక పూట ఆమెకు ఏడో తరగతి స్థాయి లెక్కలు పదిహేను ఇచ్చి చూడండి. అక్కడే తప్పులు వస్తుంటే మొదటి మూడు వారాలు రోజూ అరగంట వాటికే ఇవ్వాలి. 41 తెచ్చుకున్న అమ్మాయికి పునాది పూర్తిగా లేకపోదని నా అంచనా. రెండవది, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, బతుకు మీద విరక్తి మాటలు రావడం వంటివి కనిపిస్తే అది చదువు పద్ధతికి సంబంధించిన సమస్య కాదు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ట్యూషన్ వద్దనడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. కోసిగినుంచి ఆదోనికి రోజూ పోయి వస్తే రెండు మూడు గంటలు ప్రయాణానికే పోతాయి, అక్కడ కూడా మళ్లీ ఎవరో చెబుతుంటే వినడమే. ఆమెకు వినడం తక్కువ కాలేదు, రాయడం తక్కువైంది. బెంగళూరుకు తెచ్చుకుంటే ఆమె హాజరు దెబ్బతింటుంది, పాఠం చెప్పిన ఉపాధ్యాయులు, కలిసి చదివే స్నేహితురాళ్లు దూరమవుతారు. గణితంలో రానివాటిని వారానికి ఒకసారి చీటీ మీద రాసుకుని బడిలో సారును అడగమనండి. ప్రశ్నలు పట్టుకుని వచ్చే పిల్లను విసుక్కునే ఉపాధ్యాయులు ఉండరని అనను, కానీ తక్కువ.

సుగ్గి సంగతి కొంచెం కఠినంగానే చెప్పవలసి ఉంది. కూలి డబ్బులకోసం ఆ రెండు నెలలు ఆమెను కూడా తీసుకుపోదామన్న ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే మీరు అడ్డుపడాలి. చురుకైన ఆడపిల్లలు ఫిబ్రవరిలో మిరప చేలకు వెళ్లి పరీక్ష ముందు వారం తిరిగి రావడం కర్నూలు పశ్చిమ ప్రాంత మండలాల్లో పనిచేసిన మాలాంటివారందరం చూసినదే, వాళ్లలో చాలామంది అక్కడితో బడి మానేశారు. ఊళ్లో ఉండిపోయినా, అమ్మ లేనప్పుడు వంట, నీళ్లు, చిన్నపిల్లల పని మొత్తం ఆమె మీదే పడుతుంది. పొద్దున రొట్టెలు చేసే పనినైనా ఎవరికి అప్పజెప్పగలరో మీ పెద్దమ్మతోనో పక్కింటివారితోనో సంక్రాంతికి వచ్చినప్పుడే మాట్లాడి వెళ్లండి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు రావాలని కోరుకుంటున్నట్టు రాశారు. అక్కడ ప్రవేశాలు పదో తరగతి మార్కుల ఆధారంగానే ఉంటాయి కనుక ఆ కోరికలో తప్పులేదు, అయితే ఈ మూడు నెలల్లో ఆ పేరును ఆమె ముందు పదేపదే ఎత్తకండి.

దూరంనుంచి మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. ‘ఎన్ని గంటలు చదివావు?’ అని అడగడం ఈ రోజుతో మానేయండి. రాత్రి తొమ్మిదికి ఫోను చేసి, ఆ రోజు చూడకుండా రాసిన పేజీని వాట్సాప్‌లో ఫొటో తీసి పంపమనండి. ఎర్ర పెన్ను లేని పేజీ వస్తే అనుమానించండి, అది చూసి రాసినదై ఉంటుంది. తప్పులున్న పేజీ పంపినందుకు ఎన్నడూ కోప్పడకండి, కోప్పడితే మరునాటినుంచి తప్పులు లేని పేజీలే వస్తాయి. ప్రీఫైనల్ గణితం జవాబు పత్రం దిద్ది ఇచ్చాక దాని ఫొటోలు ఇక్కడ పెడితే, ఏ అంచెలో మార్కులు పోతున్నాయో చూసి చెబుతాను. పేరు, బడి వివరాలు కనబడకుండా మడిచి తీయమనండి.